ఆస్పత్రిలో ఉన్న పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ సోకకుండా పక్కన ఉండేవాళ్లు ఏం చేయాలి?

"అమ్మకు తుంటి ఎముక విరిగితే తిరుపతిలో చేర్పించాం. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నాలుగో రోజు న్యుమోనియా అంటున్నారు. ఇంట్లో దగ్గు కూడా లేదే, ఇదెక్కడి నుంచి వచ్చింది?"

ఊరూ పేరూ మారుతాయి గానీ ప్రశ్న ఇదే. మదనపల్లె నుంచి అడిగినవాళ్లకు న్యుమోనియా బదులు యూరిన్ ఇన్ఫెక్షన్, శ్రీకాళహస్తి వాళ్లకు ఆపరేషన్ కుట్ల దగ్గర చీము. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

చేరేనాటికి ఛాయలు లేకుండా, చేరిన 48 గంటలు దాటాక మొదలైన ఇన్ఫెక్షన్‌ను సాధారణంగా ఆస్పత్రిలో సోకినదిగా లెక్కేస్తారు. ఎక్కువగా నాలుగు చోట్ల వస్తుంది: ఊపిరితిత్తులు, మూత్రం, సెలైన్ సూది ద్వారా రక్తం, ఆపరేషన్ గాయం. సిద్ధాంతం ఇంతవరకు చాలు. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఇక్కడ రాసిందంతా అటెండర్ పాస్ మెళ్లో వేసుకుని మంచం పక్కన కూర్చునే మనిషి పని. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు, సిస్టర్ షిఫ్ట్ మారుతుంది. రాత్రీ పగలూ ఒకే మనిషిని చూస్తూ ఉండేది మీరొక్కరే.

వెంట ఉంచుకోవాల్సినవి

- ఆల్కహాల్ 60 శాతానికి తగ్గని హ్యాండ్ రబ్, ఒక సబ్బు
- డిజిటల్ థర్మామీటర్, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్
- మెత్తటి టూత్ బ్రష్. కట్టుడు పళ్లుంటే మూత ఉన్న డబ్బా
- రెండు మూడు అదనపు దిండ్లు, ఉతికిన పాత నూలు దుప్పట్లు
- కళ్లద్దాలు, చెవి మిషన్. పోతాయేమోనని ఇంట్లో పెట్టి వస్తారు. చూపూ వినికిడీ సరిగ్గా లేకపోతే పెద్దవాళ్లు ఆస్పత్రిలో త్వరగా తికమకపడతారు, అప్పుడు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే తికమకను వేరుగా గుర్తుపట్టలేం.
- పాత మందుల చీటీలు, పడని మందుల పేర్లు
- నోటు పుస్తకం, పెన్ను

గ్లోవ్స్ పెట్టె కొనకండి. పూలూ వద్దు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు తేనే తేవద్దు.

1. చేర్చిన రోజే వాళ్ల "మామూలు" రాసుకోండి

జ్వరం, పల్స్, ఆక్సిజన్, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు అనేవి మొదటి పేజీలో రాయండి. దాని కిందే ఇంకో నాలుగు మాటలు: మనుషుల్ని గుర్తుపడతారా, పొద్దున ఎన్ని ఇడ్లీలు తింటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, పట్టుకుని నడుస్తారా పట్టుకోకుండానా. ఏమిటీ చాదస్తం అనుకోవద్దు. మూడో రోజు మీరు "ఎందుకో మనిషి తేడాగా ఉన్నారు సార్" అంటే ఎవరికీ అర్థం కాదు. "నిన్నటిదాకా నన్ను పేరు పెట్టి పిలిచారు, పొద్దుటి నుంచి పిలవడం లేదు" అంటే డాక్టర్ ఆగి చూస్తారు.

2. చేతులు

హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు. వేళ్ల సందులు, గోళ్ల కొసలు, బొటనవేలి చుట్టూ రుద్దాలి. అందరూ వదిలేసేది ఈ బొటనవేలినే. ఉంగరాలు, గాజులు ఉన్నచోట తడి ఆరకుండా మురికి నిలుస్తుంది, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తీసి పెట్టుకుంటే మంచిది. పెద్దవాళ్లను ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత, యూరిన్ బ్యాగ్ తాకాక, పక్క మంచం వాళ్లకు సాయం చేసి వచ్చాక చేతులు శుభ్రం చేసుకోవాలి. ఫోన్ పట్టుకున్న చేత్తో అన్నం కలిపి పెట్టడం మనందరికీ అలవాటే. ఆ ఫోన్‌ను అంతకుముందు మంచం పట్టీ మీద పెట్టి ఉంటాం.

హెచ్చరిక: మనిషికి నీళ్ల విరేచనాలు అవుతుంటే హ్యాండ్ రబ్ ఒక్కటే చాలదు. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే క్లాస్ట్రిడియాయిడ్స్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గింజల్లాంటి రూపంలో బతికి ఉంటుంది, ఆల్కహాల్‌కు చావదు. సబ్బుతో రుద్ది నీళ్లతో కడగాల్సిందే.

సిబ్బందికి ఎలా చెప్పాలని చాలామంది అడుగుతారు. గొడవ పెట్టుకోవద్దు, నోరు మూసుకోనూ వద్దు. "సిస్టరమ్మా, అవ్వకు షుగర్ ఉంది, భయంగా ఉంది. సూది ముట్టుకునే ముందు ఒక్కసారి చేతికి రబ్ వేసుకుంటారా?" అంటే చాలు. మీరు ముందు రబ్ వేసుకుని, సీసా అటు జరిపితే అసలు అడగక్కర్లేదు. ఎవరైనా విసుక్కుంటే పట్టించుకోకండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ తోటివాళ్ల చేత చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించి చూపిస్తే, ఆయన మీద కోప్పడింది డాక్టర్లే.

గ్లోవ్స్ వేసుకున్న చేయి శుభ్రమైన చేయి అనుకోవడం పెద్ద పొరపాటు. అదే గ్లోవ్‌తో ఇంకో పేషెంట్‌ను ముట్టుకుని వస్తే వట్టి చేత్తో వచ్చినట్టే.

3. రోజూ పొద్దున గొట్టాలు లెక్కపెట్టండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. చేతికి సెలైన్ సూది, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్, యూరిన్ పైపు, ముక్కులో తిండి గొట్టం, గాయం పక్కన లోపలి నెత్తురు, నీరు బయటికి తీసే డ్రెయిన్: ఒంట్లోకి వెళ్లే ప్రతి గొట్టమూ సూక్ష్మక్రిములకు దారే. రౌండ్స్‌లో ఒక్కొక్కదాన్నీ చూపించి "డాక్టర్ గారూ, ఇది ఈ రోజు కూడా అవసరమా?" అని అడగండి. పెట్టేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, తీసేయడం ఎవరికీ గుర్తుండదు.

యూరిన్ పైపు ఉన్న ఒక్కో రోజుకు మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. నెల రోజులు ఉంటే దాదాపు అందరికీ చేరుతుంది. అయినా పైపు తీస్తామంటే చాలాసార్లు వద్దనేది మనమే. రాత్రిపూట లేపి బాత్రూంకు తీసుకెళ్లే పని తప్పుతుందని. ఆ సుఖమే కొంప ముంచుతుంది. నడవలేకపోతే బెడ్‌పాన్, మంచం పక్కన కమోడ్ కుర్చీ, డైపర్ ఉన్నాయి. మగవాళ్లకైతే సీసా, లేదంటే పైన తొడిగే కండోమ్ కెథెటర్. డైపర్ వాడితే తడిసిన వెంటనే మార్చండి, ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కి తుడవండి.

సెలైన్ సూది ఉన్నచోట ప్లాస్టర్ మీద పెట్టిన తేదీ రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయమని అడగండి. రోజుకు రెండుసార్లు దాని చుట్టూ మెల్లగా నొక్కి చూడాలి: నొప్పి, ఎర్రదనం, వాపు, నరం పొడవునా తాడులా గట్టిపడటం, ప్లాస్టర్ తడిసి ఊడిరావడం. వీటిలో ఏది కనిపించినా "రేపు మారుద్దాం" అంటే ఒప్పుకోవద్దు. స్పంజ్ బాత్ చేసేటప్పుడు ఆ చేతికి ప్లాస్టిక్ కవర్ చుట్టండి.

4. యూరిన్ బ్యాగ్

పైపు తప్పనిసరైతే దీన్ని దగ్గరుండి చూసుకోవాలి. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. మంచం పట్టీకి తగిలించండి. పైకీ కిందకీ జరిగే సైడ్ రెయిలింగ్‌కు కాదు.

తప్పు జరిగేది ఎక్కువగా ఎక్స్‌రేకో స్కానింగ్‌కో తీసుకెళ్లేటప్పుడు. స్ట్రెచర్ మీదికి మార్చగానే బ్యాగ్ తీసి పేషెంట్ పొట్ట మీదో కాళ్ల మధ్యో పెట్టేస్తారు. ఒక్కసారి ఆ గొట్టం వైపు చూడండి: కిందికి దిగిన మూత్రం మళ్లీ పైకి, ఒంటివైపు జారుతూ కనిపిస్తుంది. బయల్దేరే ముందే బ్యాగ్ ఖాళీ చేయించండి, స్ట్రెచర్ పక్కకు తగిలించి మీరే పట్టుకు నడవండి. తిరిగొచ్చాక గొట్టం దుప్పటి కింద మడతపడిందేమో, తొడ కింద నలిగిందేమో చూడండి.

బ్యాగ్ మూడొంతుల్లో రెండొంతులు నిండేసరికి ఖాళీ చేయాలి. ఖాళీ చేసే మగ్గు ఆ ఒక్క మనిషికే వాడాలి. వార్డంతా తిరిగే మగ్గు వద్దు. కింది నాజిల్ మగ్గుకు తగలనివ్వకండి. పైపును బ్యాగ్ నుంచి ఊడదీయడం మీరు ఎప్పుడూ చేయకండి.

5. నోరు, తిండి, ఊపిరి

ఆస్పత్రిలో వచ్చే న్యుమోనియాలో చాలా భాగం నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వస్తుంది. తినడం లేదు కదా, పళ్లు తోమడం ఎందుకు అనుకుంటారు. తినని నోరే ఎక్కువ పాడవుతుంది. పొద్దునా రాత్రీ కూర్చోబెట్టి, మెత్తటి బ్రష్, కొద్దిగా పేస్ట్, తక్కువ నీళ్లతో తోమండి. పుక్కిలించలేకపోతే తడి గాజుగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, నీళ్లున్న డబ్బాలో వేయండి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల నోటి శుభ్రత మాత్రం సిస్టర్ల పని. చేస్తున్నారా అని అడగడం మీ పని.

మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి, డాక్టర్ వద్దంటే తప్ప. తినిపించేటప్పుడు వీలైనంత నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. మగతగా ఉన్న మనిషి నోట్లో స్పూన్ పెట్టకండి. "రెండు ముద్దలన్నా తినాలి నాయనా" అని బతిమాలి కుక్కే ఆ రెండు ముద్దలే గొంతు దారి తప్పుతాయి. పలచటి నీళ్లకు దగ్గొస్తుంటే, తిన్నాక గొంతు గరగరమంటుంటే మింగడం సరిగ్గా లేదని అర్థం. ఆపేసి డాక్టర్‌కు చెప్పండి.

ముక్కు గొట్టం ద్వారా మీరే రాగిజావో మజ్జిగో పోయాల్సి వస్తే ముందు సిస్టర్ దగ్గర నేర్చుకోండి. ముక్కు దగ్గర గొట్టం మీద ఉన్న గుర్తు నిన్నటి చోటే ఉందా చూడాలి; జరిగి ఉంటే ఒక్క చుక్క కూడా పోయొద్దు. జావ ఉండలు లేకుండా వడకట్టాలి, తొందరపడి నెట్టకూడదు, అయ్యాక గొట్టం నీళ్లతో శుభ్రం చేయాలి. మధ్యలో దగ్గొస్తే ఆపేయాలి.

ఆపరేషన్ అయినవాళ్లకు మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇస్తారు. చాలా మంచాల పక్కన అది కవర్ కూడా విప్పకుండా ఉంటుంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, పదిసార్లు చేయించండి. ఊదడం కాదు, లోపలికి పీల్చాలి. డాక్టర్ సరేనన్న రోజు నుంచే కుర్చీలో కూర్చోబెట్టండి, నడిపించండి. "పాపం, నొప్పంటోంది, పడుకోనీ" అనే జాలి న్యుమోనియాకు తలుపు తీస్తుంది.

6. ఒళ్లు తిప్పడం

కదలలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. నడుము కింది ఎముక, తుంటి, మడమలు రోజూ చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. రంగు తేలి మళ్లీ వస్తే పరవాలేదు. నొక్కినా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు, చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగా, గట్టిగా, మరింత నల్లగా ఉందేమో తడిమి చూడాలి. అక్కడ మాలిష్ చేయకండి. ట్యూబులాంటి గుండ్రటి దిండు వేయకండి. ఎండాకాలం తిరుపతి ఉక్కకు పౌడర్ గుప్పిస్తారు. చెమటకు ఉండకట్టి చర్మాన్ని కోస్తుంది. మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టడం మేలు.

7. చూడ్డానికి వచ్చేవాళ్లు

తిరుపతిలో ఇదొక ప్రత్యేకమైన చిక్కు. కొండ మీద దర్శనం చేసుకుని, క్యూలో గంటల తరబడి వందలమంది మధ్య నిలబడి, అటునుంచి అటే "ఎటూ వచ్చాం కదా" అని ఆస్పత్రికి వస్తారు. వద్దనలేం. దగ్గు, జలుబు, విరేచనాలు ఉంటే వీడియో కాల్ చేయమనండి. మొహమాటపడకండి, డాక్టర్ వద్దన్నారని చెప్పేయండి. మిగతావాళ్లు ఒకరో ఇద్దరో, చేతులు శుభ్రం చేసుకుని రావాలి, మంచం మీద కూర్చోకూడదు. లడ్డూ కళ్లకద్దుకుని పక్కన పెట్టుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ గాయం మానే రోజుల్లో నోట్లో పెట్టడం మాత్రం వద్దు. షుగర్ అదుపు తప్పితే గాయం త్వరగా చీము పడుతుంది. ఆపరేషన్‌కు ముందు, కోసే చోట వెంట్రుకలు ఇంట్లోనే బ్లేడుతో గీసి తీసుకెళ్లడం కూడా మానండి. కంటికి కనిపించని గాట్లు పడతాయి.

8. రోజుకు రెండుసార్లు ఈ చెక్ చేయండి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, "మామూలు" రాసుకున్న నోటు పుస్తకం మొదటి పేజీ పక్కన పెట్టుకుని.

- మనసు: ఉన్నట్టుండి తికమక, లేని మనుషులతో మాటలు, లేదా అతిగా నిద్ర. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్‌కు ఇదే మొదటి ఆనవాలు కావచ్చు. "వయసైపోయింది, అంతేలే" అని తీసేయకండి. మత్తుగా పడుకున్నవాళ్లను హాయిగా నిద్రపోతున్నారని మురిసిపోవడం అన్నిటికంటే ప్రమాదమైన పొరపాటు.
- ఊపిరి: వాళ్లకు చెప్పకుండా, పొట్ట కదలిక చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 22 దాటితే సిస్టర్‌కు చెప్పండి.
- జ్వరం: ఈ వయసులో 101 దాకా రావాలని లేదు. పదేపదే 99 దాటినా, మామూలు కంటే 2 డిగ్రీలు పెరిగినా అనుమానించాలి. ఒళ్లు చల్లబడటం కూడా మంచిది కాదు.
- మూత్రం: 50 కిలోల మనిషికి గంటకు సగటున 25 మిల్లీలీటర్ల కంటే తగ్గితే చెప్పాలి. బ్యాగ్ మీద గీతలుంటాయి.
- బీపీ: పై అంకె 100కు దిగితే, ముఖ్యంగా ఎప్పుడూ బీపీ ఎక్కువ ఉండేవాళ్లకు, వెంటనే.
- ఆక్సిజన్: వాళ్ల మామూలు కంటే మూడు నాలుగు అంకెలు తగ్గడం. వేళ్లు చల్లగా ఉంటే, గోరింటాకు ఉంటే మిషన్ తప్పు చూపించవచ్చు. వేలు రుద్ది, ఇంకో వేలికి పెట్టి మళ్లీ చూడండి.

9. అనుమానం వస్తే

వీటిలో రెండు ఒకేసారి కనిపిస్తే రౌండ్స్ దాకా ఆగొద్దు. రాత్రి రెండు గంటలైనా డ్యూటీ డాక్టర్‌ను పిలిపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, "ఇది సెప్సిస్ కావచ్చా డాక్టర్ గారూ?" అని అడగండి. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్. దానిలో గంటలే లెక్క.

తర్వాత అడగాల్సింది కల్చర్ గురించి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు రక్తం, అవసరాన్ని బట్టి కఫం లేదా మూత్రం కల్చర్‌కు పంపితే ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది అన్నది తెలుస్తుంది. పరిస్థితి విషమంగా ఉంటే శాంపిల్ కోసం మందు ఆపరు, ఆపకూడదు కూడా. రిపోర్ట్‌కు సాధారణంగా 2, 3 రోజులు పడుతుంది. దానిలో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ లాంటి క్రిముల పేర్లుంటాయి; పక్కన ఒక్కో మందుకు ఎస్ అని ఉంటే పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే పనిచేయదని. రిపోర్ట్ వచ్చిన రోజు "దీన్ని బట్టి మందు మారుస్తారా? కిడ్నీకి తగ్గట్టు డోసు చూశారా?" అని అడగండి. "ఇంకా పవర్‌ఫుల్ ఇంజెక్షన్ రాయండి సార్" అని ఒత్తిడి పెట్టకండి. మెరోపెనెమ్, కొలిస్టిన్ లాంటి పెద్ద యాంటీబయాటిక్స్ అవసరం లేకుండా వాడితే రేపు నిజంగా కావాల్సినప్పుడు పనిచేయవు.

ఇంకో మాట. పైపు ఉన్నవాళ్ల మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించడం చాలా మామూలు. జ్వరం, తికమక, నొప్పి ఏదీ లేకపోతే సాధారణంగా మందు అక్కర్లేదు. శాంపిల్ బ్యాగ్‌లోంచి పడితే ఆ రిపోర్ట్‌ను నమ్మలేం.

10. వేరే ఆస్పత్రికి మారుస్తున్నప్పుడు, ఇంటికి వెళ్లేటప్పుడు

చిత్తూరు నుంచి తిరుపతిలోని రుయాకో స్విమ్స్‌కో, అక్కడి నుంచి వెల్లూరు సీఎంసీకో మారడం మన జిల్లాల్లో మామూలే. అంబులెన్స్ ఎక్కే కంగారులో స్కానింగ్ ఫిల్ములు గుర్తుంటాయి, కల్చర్ రిపోర్ట్ మరచిపోతారు. ఇచ్చిన యాంటీబయాటిక్స్ పేర్లు, మొదలైన తేదీలు, కల్చర్ రిపోర్ట్, గొట్టాలు పెట్టిన తేదీలు ఫోటో తీసుకోండి. రిపోర్ట్ ఇంకా రాకపోతే ల్యాబ్ నంబర్, శాంపిల్ ఐడీ రాసుకుని రెండు రోజుల తర్వాత మీరే తెప్పించుకోండి.

ఇంటికొచ్చాక కూడా గాయాన్ని 30 రోజులు, లోపల రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు వేసి ఉంటే 90 రోజులు కనిపెట్టి ఉండాలి. ఎర్రబడటం, చీము, మానిన నొప్పి మళ్లీ మొదలవడం చూస్తే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. పసుపు, ఆకు పసరు పెట్టకండి. యాంటీబయాటిక్స్ ఆపేసిన కొన్ని వారాల దాకా నీళ్ల విరేచనాలు మొదలుకావచ్చు. రోజుకు మూడు, అంతకంటే ఎక్కువైతే షాపులో ఆపే మాత్ర కొనకుండా డాక్టర్‌కు చూపించండి.

"సూపర్ బగ్ అట, చాలా మందులకు లొంగని క్రిమి అన్నారు, మనవళ్లను దగ్గరికి రానివ్వొచ్చా?" అని అడిగేవాళ్లుంటారు. రానివ్వండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సాధారణంగా ఇబ్బంది రాదు, చేతులు కడుక్కుంటే చాలు. గది వేరు చేసి, కంచం వేరు చేసి పెద్దామెను ఒంటరిని చేయకండి. ఆ క్రిమి జబ్బు చేయకుండానే నెలల తరబడి పేగుల్లోనో చర్మం మీదో ఉండిపోవచ్చు. అందుకని మళ్లీ ఎప్పుడు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా, ఆ కల్చర్ రిపోర్ట్ ఫోటోను మొదటి గంటలోనే డాక్టర్‌కు చూపించండి.